పాలస్తీనాలో బ్రిటన్ పాత బాకీ

పాలస్తీనాను దేశంగా గుర్తిస్తున్నామని బ్రిటన్ ప్రధాని కియర్ స్టార్మర్ 2025 సెప్టెంబరు 21న ప్రకటించారు. కెనడా, ఆస్ట్రేలియా, పోర్చుగల్ అదే రోజు అదే మాట చెప్పాయి. మన దేశం ఆ పని 1988లోనే చేసింది. అప్పటికే 140కి పైగా దేశాలు గుర్తించిన పాలస్తీనాను ఇంకో దేశం గుర్తిస్తే పెద్ద వార్తేమీ కాదు. కానీ బ్రిటన్ సంగతి వేరు. ఈ తగాదాకు తొలి కాగితం రాసింది ఆ దేశమే.

ఆ కాగితం 1917 నవంబరు 2 నాటిది. విదేశాంగ మంత్రి ఆర్థర్ బాల్ఫర్ లండన్‌లోని యూదు ప్రముఖుడు లార్డ్ రోత్‌షీల్డ్‌కు రాసిన చిన్న ఉత్తరం. అందులో అసలు హామీ ఇంగ్లిష్‌లో 67 మాటలే. పాలస్తీనాలో యూదులకు 'జాతీయ నివాసం' ఏర్పడేందుకు సాయపడతామని దాని సారాంశం. ఆనాడు ఆ నేల మీద బతుకుతున్నవారిలో పదింట తొమ్మిది మంది అరబ్బులు. ఉత్తరంలో వాళ్ల పేరే లేదు. 'యూదులు కాని ప్రజలు' అని మాత్రం రాసి, వాళ్ల పౌర, మత హక్కులకు భంగం రానివ్వబోమన్నారు. రాజకీయ హక్కుల ఊసే ఎత్తలేదు. అక్కడివాళ్ల ఇష్టాన్ని అడిగే ఉద్దేశం తమకు లేదని రెండేళ్ల తర్వాత బాల్ఫరే ఒక అధికార పత్రంలో రాసుకున్నారు.

ఆ ఉత్తరం రాసేనాటికి పాలస్తీనా ఇంకా బ్రిటన్ చేతిలోకి రాలేదు, తుర్కు సుల్తాను ఏలుబడిలో ఉంది. అంతకుముందే తుర్కుల మీద తిరగబడితే అరబ్బులకు స్వతంత్రం ఇస్తామని బ్రిటన్ అధికారి మెక్‌మహన్ మక్కా పాలకుడు షరీఫ్ హుసేన్‌కు ఉత్తరాలు రాశారు. ఆ మాటలో పాలస్తీనా ఉందా లేదా అన్న వాదన నేటికీ తెగలేదు. 1916లో ఫ్రాన్స్‌తో కూర్చుని ఆ ప్రాంతమంతా రహస్యంగా పంచుకునే ఒప్పందం కూడా చేసుకున్నారు.

మన ఊళ్లలో ఒకే పొలాన్ని ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేసేవాళ్లను చూశాం. కొన్న ఇద్దరూ గట్టు మీద తలలు పగలగొట్టుకుంటారు, వాళ్ల పిల్లలు కోర్టుల చుట్టూ తిరుగుతారు. ఆ పంచాయితీకి రాసిచ్చినవాణ్ని పెద్దమనిషిగా ఎవరూ పిలవరు. పిలిస్తే చేసింది ఒప్పుకోమనడానికి, ఇవ్వాల్సింది ఇమ్మనడానికి పిలుస్తారు. ఇజ్రాయెల్, పాలస్తీనాల మధ్య శాంతిలో బ్రిటన్ స్థానం అదేనని మా అభిప్రాయం.

ఈ కథలో మనకూ కొంత సంబంధం ఉంది. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడిన ముగ్గురు కంచు సైనికులు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల అశ్విక దళాలకు గుర్తు. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనా రేవు పట్టణం హైఫాను తుర్కుల నుంచి గెలుచుకున్న బ్రిగేడ్ ఆ దళాలదే. ఎవరి నేలో తెలియని నేల కోసం, పరాయి రాజు తరఫున మనవాళ్లు ప్రాణాలిచ్చారు. బాల్ఫర్ ప్రకటనను గట్టిగా వ్యతిరేకించిన బ్రిటన్ మంత్రి కూడా మనకు తెలిసిన పేరే. మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగు. ఆయన స్వయంగా యూదు. ఈ ప్రకటన వల్ల ఇతర దేశాల్లోని యూదులను అక్కడివాళ్లు పరాయివాళ్లుగా చూస్తారని ఆయన భయపడ్డారు. ఆయన మాట చెల్లలేదు.

నానాజాతి సమితి 1922లో పాలస్తీనాను బ్రిటన్ అజమాయిషీ కింద ఉంచింది. 1948 వరకు సాగిన ఆ పాలన ఇద్దరినీ మోసం చేసింది. 1936లో అరబ్బులు తిరగబడితే మూడేళ్లపాటు సైన్యంతో అణిచారు. ఇళ్లు కూల్చారు, ఊళ్లకు ఊళ్లను శిక్షించారు, విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు. 1939లో ఒక శ్వేతపత్రం తెచ్చి, అయిదేళ్లలో 75 వేల మంది యూదులకే ప్రవేశమన్నారు. హిట్లర్ చేతి నుంచి ప్రాణాలు దక్కించుకోవాలని యూదులు తలుపులన్నీ తడుతున్న కాలమది. నాజీ మారణహోమం నుంచి బయటపడ్డవాళ్లతో 1947లో హైఫా చేరిన 'ఎక్సోడస్' ఓడ ప్రయాణికులను దిగనివ్వకుండా చివరికి జర్మనీకే తిప్పి పంపారు. ఆ క్రూరత్వం యూదుల మనసుల్లో ఎంత లోతుగా దిగిందో ఊహించవచ్చు. మళ్లీ ఎవరి దయ మీదా ఆధారపడకూడదన్న ఇజ్రాయెల్ పట్టుదలలో ఆ ఓడ కూడా ఉంది.

ఇంకో సంగతి బయట అంతగా తెలియదు. బ్రిటన్ 1945లో పాలస్తీనాలో తెచ్చిన ఎమర్జెన్సీ నిబంధనలు ఆ పాలనతో పోలేదు. 1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో దాడి చేశాడన్న ఆరోపణతో ఒకరి ఇంటిని కూల్చి, అతని భార్యాపిల్లలను, తల్లిదండ్రులను రోడ్డున పడేసేటప్పుడు ఇజ్రాయెల్ సైన్యం చూపించే చట్టం అదే, 119వ నిబంధన. రాసినవాళ్లు వెళ్లిపోయి ముప్పావు శతాబ్దం దాటినా ఆ కాగితం మీద బుల్డోజర్ నడుస్తోంది.

పరిస్థితి చేయి దాటాక, 1947 ఫిబ్రవరిలో బ్రిటన్ ఈ సమస్యను ఐక్యరాజ్యసమితి మీదికి నెట్టింది. నవంబరు 29న ఆ నేలను అరబ్బు, యూదు దేశాలుగా చీల్చే విభజన తీర్మానానికి అనుకూలంగా 33, వ్యతిరేకంగా 13 ఓట్లు పడ్డాయి. మన దేశం వ్యతిరేకంగా ఓటేసింది. పాతికేళ్లకు పైగా ఆ నేలను ఏలిన బ్రిటన్ ఎటూ ఓటేయలేదు. 1948 మే 14న చివరి హైకమిషనర్ అలన్ కన్నింగ్‌హామ్ హైఫాలో ఓడెక్కారు. పాలన ఎవరికీ అప్పగించలేదు. ఇజ్రాయెల్ పుట్టుకతో ముడిపడిన అరబ్బు, యూదు యుద్ధ కాలంలో 7 లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని కాందిశీకులయ్యారు. సరిహద్దు గీత ఎక్కడుందో స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు గానీ తెలియని పంజాబ్, బెంగాల్ ప్రజలకు ఈ పద్ధతి కొత్త కాదు. రెండు చోట్లా అప్పటి ప్రధాని క్లెమెంట్ అట్లీయే.

ఆ తర్వాత కూడా బ్రిటన్ పెద్దమనిషి కుర్చీని వదల్లేదు. 2007 నుంచి 2015 వరకు అమెరికా, రష్యా, ఈయూ, ఐక్యరాజ్యసమితి కలిసి పెట్టిన బృందానికి మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్ దూతగా ఉన్నారు. ఆ ఎనిమిదేళ్లలో వెస్ట్ బ్యాంక్‌లో యూదు సెటిల్‌మెంట్లు, అంటే ఆక్రమిత నేలలో ఇజ్రాయెలీలు కట్టుకున్న కాలనీలు, పెరిగాయే తప్ప ఆగలేదు. 2025 సెప్టెంబరులో ట్రంప్ ప్రకటించిన గాజా ప్రణాళికలోనూ బ్లెయిర్ పేరు వచ్చింది. ఇరాక్ యుద్ధానికి సైన్యాన్ని పంపిన ప్రధానిని, అదీ బ్రిటన్ మనిషిని, గాజా పాలనను పర్యవేక్షించే బోర్డులో కూర్చోబెట్టాలన్న ఆలోచన అక్కడి జనానికి ఎంత గుచ్చుకుంటుందో వాషింగ్టన్ ఒక్క క్షణం ఆలోచించాల్సింది. ఈ ప్రతిపాదనను మేము సమర్థించలేం.

బ్రిటన్ గుర్తింపు గాజాలోని సాయుధ సంస్థ హమాస్‌కు బహుమతి అని ఇజ్రాయెల్ ప్రభుత్వం అంటోంది. 2023 అక్టోబరు 7న హమాస్ దాదాపు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా పట్టుకుపోయింది. ఆ ఘోరానికి ఏ సాకూ లేదు. అలాంటి సంస్థకు రేపటి పాలస్తీనాలో చోటు ఉండకూడదు. కానీ ఆ తర్వాత గాజాలో, అక్కడి ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం, బ్రిటన్ ప్రకటన నాటికే 65 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పసిపిల్లలున్నారు. దేశం కావాలన్న కోరిక హమాస్ పుట్టకముందు నుంచీ ఉంది, దాన్ని హమాస్ ఖాతాలో రాయడం అన్యాయం.

బాల్ఫర్ ప్రకటనలో అరబ్బులకు ఇచ్చిన సగం మాట నిలబడలేదని విదేశాంగ మంత్రిగా డేవిడ్ లామీ 2025 జులైలో ఐక్యరాజ్యసమితిలో ఒప్పుకున్నారు. మంచిదే. కానీ క్షమాపణ అనే మాట ఇంకా రాలేదు. కెన్యాలో మౌ మౌ తిరుగుబాటుదారులను చిత్రహింసలు పెట్టినందుకు 2013లో బ్రిటన్ విచారం చెప్పి, 5 వేల మందికి పైగా బాధితులకు పరిహారం ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ నూరేళ్ల సందర్భంలో విచారంతో సరిపెట్టింది, క్షమాపణ దాకా రాలేదు. పాలస్తీనా విషయంలో కెన్యా దారిలో నడవాలి, ఇంకొంచెం ముందుకు వెళ్లాలి.

మాటకన్నా చేత ముఖ్యం. 2024 సెప్టెంబరులో బ్రిటన్ ఇజ్రాయెల్‌కు ఆయుధాలు అమ్మే దాదాపు 350 లైసెన్సుల్లో 30 వరకే నిలిపివేసింది. ఇతర దేశాలతో ఉమ్మడి ప్రాజెక్టు అంటూ ఎఫ్-35 యుద్ధ విమానాల విడిభాగాలకు మినహాయింపు ఇచ్చింది. వెస్ట్ బ్యాంక్ సెటిల్‌మెంట్లలో తయారైన సరుకుకు సుంకం రాయితీ లేదంటుంది గానీ, ఆ సరుకు బ్రిటన్ మార్కెట్‌లోకి రావచ్చు. పాలస్తీనా ప్రాంతాల్లో ఇజ్రాయెల్ ఆక్రమణ చట్టవిరుద్ధమనీ, దాన్ని నిలబెట్టే వ్యాపారాన్ని దేశాలు ఆపాలనీ అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జులై 19న చెప్పింది.

2025 ఆగస్టులో ఇజ్రాయెల్ ఈ-1 ప్రాజెక్టుకు పచ్చజెండా ఊపింది. తూర్పు జెరూసలెం పక్కన దాదాపు 3,400 ఇళ్లు కడతారు. అవి లేస్తే వెస్ట్ బ్యాంక్ ఉత్తరం, దక్షిణం రెండు ముక్కలవుతాయి. బ్రిటన్ గుర్తించిన దేశానికి అప్పుడు నేల ఎక్కడ మిగులుతుంది? ఆ ఇళ్లు లేవకముందే సెటిల్‌మెంట్ సరుకును నిషేధించే చట్టం, ఎఫ్-35 మినహాయింపు రద్దు, రెండూ లండన్ నుంచి రావాలి.