పాఠ్యపుస్తకం ఇంటికొచ్చింది, కథల పుస్తకం రాలేదు

2020 మార్చి 16న కరోనాతో తెలంగాణలో బడులకు తాళం పడింది. నెలాఖరు దాకేనన్నారు. ఒకటో తరగతి పిల్లలు మళ్లీ బడి మెట్లెక్కింది 2021 సెప్టెంబర్ 1న. ములుగు వైపు ఊళ్లలో పంతులుగా పనిచేస్తున్న నాకు ఆ మధ్యకాలంలో అందరికంటే ఎక్కువ గుర్తొచ్చేది ఈ చిన్న పిల్లలే.

2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ చదువుల ఛానల్ టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా. ఒకటి, రెండు తరగతులకు లేవు. ఆరేళ్ల పిల్లను టీవీ ముందు కూర్చోబెట్టి అక్షరాలు నేర్పలేం, నిజమే. మరి టీవీకి బదులు వాళ్లకు ఏం పంపాలన్నది ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే లెక్క ఒకటి చూడండి. తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 18.1 శాతం, 2022లో 5.2 శాతం. ఆ 2022 నాటి మూడో తరగతి పిల్లలు ఎవరు? 2020లో ఒకటో తరగతిలో చేరాల్సినవాళ్లు. గుణింతాలు దిద్దే ఏడాది మొత్తం ఇంట్లో గడిపినవాళ్లు.

2021 వానాకాలంలో ఒక పాప ఇంటికి వెళ్లాను. పేరుకు రెండో తరగతి. వాచకం తీసి గడగడా అప్పజెప్పింది. వాళ్ల నాయనమ్మ మురిసిపోయి, "మంచిగ సదువుతది సారూ" అన్నది. నేను లైను మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడిగాను. పాప ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి అందుకుని, ఆ మాట దాకా వచ్చి చెప్పింది. పాఠం నోటికొచ్చింది, చదవడం రాలేదు. ఉన్న ఒక్క పుస్తకాన్నే ఎవరో చదివిపెడితే అట్లాగే అవుతుంది. తెలియని కథ చేతిలో పడితేనే పిల్లలు అక్షరం కూడబలుక్కుంటారు. సంచిలోంచి ఒక కుందేలు కథ తీసిచ్చాను. "క కు కొమ్మిస్తే కు" అని మొదలుపెట్టింది. ఒక్క పేజీకి చాలాసేపు పట్టింది. బొమ్మలో కుందేలును చూసి, కింద ఉన్నది ఆ మాటేనని తెలిసినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి!

పాఠ్యపుస్తకాలు పంచిన దారిలోనే కథల పుస్తకాలూ ఇంటికి పోగలిగేవి. సిగ్నల్ అక్కర్లేదు, రీఛార్జి అక్కర్లేదు. కానీ బడి బీరువాలో అవి తాళం వెనకే ఉండిపోయాయి. ఒక్కటి పోయినా స్టాక్ రిజిస్టర్‌లో ఏం రాయాలన్న భయం. నిజాం ఏలుబడిలో, తెలుగు చదువే అరుదైన రోజుల్లో, 1904లోనే హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న ఉమ్మడి వరంగల్ జిల్లా మనది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఇప్పటికీ కడుతున్నాం.

బడి కబురూ అంతే. 2021 ఫిబ్రవరి 24న ఆరు నుంచి ఎనిమిది తరగతులు తెరిచి, సరిగ్గా నెలకు మార్చి 24న మూసేశారు. ఈలోపు వాట్సాప్‌లో ఎవరికి తోచిన తేదీ వాళ్లు తిప్పారు. అది నమ్మి ఒకామె కొత్త సంచి కొని పిల్లను బడి గేటు దాకా తీసుకొచ్చింది. రేషన్ బియ్యం ఎప్పుడిస్తారో చాటింపు వేసే ఊళ్లో బడి ఎప్పుడు తెరుస్తారో ఎందుకు చాటించలేదు? పంచాయతీ గోడ మీద సుద్దముక్కతో రాసినా సరిపోయేది.

2022 ఫిబ్రవరి 5న వంద రోజుల పఠన కార్యక్రమం మొదలైంది. మంచి పనే, రెండేళ్లు ఆలస్యంగా.

మా బీరువా తాళంచెవి ఇప్పుడు ఐదో తరగతి పిల్లల దగ్గరే ఉంటుంది. నిరుడు మూడు పుస్తకాలు తిరిగి రాలేదు. రిజిస్టర్‌లో "పిల్లల ఇళ్లలో ఉన్నవి" అని రాసి సంతకం పెట్టాను.