ఫ్రిజ్ మీది డబ్బాల పండుకున్న అజిత్రోమైసిన్‌కు

యాంటీబయాటిక్ గోలీ అజిత్రోమైసిన్ పెద్దమనిషికి, హన్మకొండ నుంచి రాసేది ఏందంటే,

నువ్వు మా ఇంటికొచ్చి ఏడాది దాటింది. మెడికల్ షాపాయన కత్తెర పెట్టి ఐదు గోలీలు కోసిచ్చిండు, ఎక్స్‌పైరీ డేటున్న ముక్క ఆయన దగ్గరనే ఉండిపాయె. రెండేసుకునే సరికి గొంతునొప్పి తగ్గింది, మూడు మిగిలినయ్, గప్పటి సంది నువ్వే మా ఇంటి డాక్టర్‌వి. నీ రేకు మీద నిలువుగ ఎర్ర గీత ఉన్నది, డాక్టర్ చీటీ లేంది ముట్టకుండ్రి అని దానర్థం, మా అమ్మేమో ఎర్ర గీతుంటే పవర్ ఎక్కువ అంటది.

నీ పనితనానికి వంక లేదు. బ్యాక్టీరియా సొంతిల్లున్న జీవి, దాని ప్రోటీన్ల వంటంత రైబోజోముల్ల నడుస్తది, నువ్వు పోయి అండ్ల అడ్డం పడి వంట బంద్ చేస్తవ్. మన రైబోజోముల తీరు వేరు గాబట్టి మనకు పెద్దగ తగల్ది. నీ తోటి యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్‌ది ఇంకో లైను, ఖిలా వరంగల్‌కు రాతికోట ఉన్నట్టు బ్యాక్టీరియా చుట్టూ గోడ ఉంటది, ఆ గోడ కట్టే మేస్త్రీలను అమాక్సిసిలిన్ ఆపుతది, గోడ బలం తగ్గి నీళ్లు లోపలికి చొచ్చి బ్యాక్టీరియా ఉబ్బి పగుల్తది. మన కణాలకు ఆ గోడే లేదు.

గని మేం నిన్ను యాడికి తోలినమో చూడు. వానకాలంల తమ్మునికి జరమొస్తే అమ్మ ఒకటేసింది, తెల్లారి టెస్టుల డెంగీ అని తేలింది. అది వైరస్, గోడ లేదు, రైబోజోము లేదు, మనింట్ల చొరబడి మన పొయ్యి మీద మన బియ్యమే వండుకునే రకం, నువ్వు యాడ పట్టుకుంటవ్ దాన్ని? ఫ్లూ వైరస్‌కైతే ఒసెల్టామివిర్ ఉన్నది, పుట్టిన వైరస్‌లు కణం ఇడిచి పోకుండ గొళ్లెం పెడ్తది, డెంగీకి అసొంటి గోలీ లేదు, నీళ్లు, పారాసెటమాల్, రక్తపరీక్షలు, గంతే. వారానికి జరం దిగింది, పేరు నీకొచ్చింది.

మా మామయ్యైతే తామరకు నిన్ను నూరి కొబ్బరినూనెల కలిపి పూసుకుండు. తామర ఫంగస్, కణం కట్టుబడిల బ్యాక్టీరియా కంటె మనకే దగ్గరి చుట్టం, అందుకే మనకు దెబ్బ తగలకుండ దాన్ని కొట్టుడు కష్టం. దాని కణం పొరల ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు, మన పొరల కొలెస్ట్రాల్, ఆ తేడా మీదనే తామర మందు క్లోట్రిమజోల్ బతుకుతున్నది.

ఇంకోటి, ఒంట్ల నువ్వు సగం తగ్గుడానికే దగ్గర దగ్గర మూడు రోజులు పడ్తదట. అంటే డెంగీని నువ్వేం పీకలే గని, తమ్ముని పేగుల్ల ఊరికే ఉన్న బ్యాక్టీరియాకు అన్ని రోజులు కోచింగ్ ఇచ్చినవ్, నిన్ను తట్టుకునేటివే పాసైనయ్. తక్కువ మోతాదైతే సూక్ష్మజీవులు మొండివైతయని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945ల నోబెల్ ఉపన్యాసంలనే చెప్పిండు, మా అమ్మకు ఎవ్వరు చెప్పలే.

పొద్దుగాల ములుగు నుంచి చిన్నమ్మ ఫోన్, గొంతు గరగర అంటున్నదట, "గా ఎర్ర గీత గోలి ఉన్నదా బిడ్డా?" అన్నది. అయిపోయినయ్ చిన్నమ్మా అన్న.

వంటింట్ల నుంచి అమ్మ అరిచింది, "ఇంకొకటి ఉన్నది గదనే, ఫ్రిజ్ మీద డబ్బాల!"