హైవే ఇవతల ఇల్లు, అవతల బస్టాపు

మద్దిలపాలెం నుంచి మా అమ్మ ఎక్కే బస్సు మా వీధికి అవతలి వైపు ఆగుతుంది. దిగాక ఆమె చేతిసంచి భుజానికి వేసుకుని డివైడర్ దగ్గర నిలబడుతుంది. ఎవరైనా కాలేజీ పిల్లలో, ఆఫీసు నుంచి వచ్చేవాళ్లో నలుగురు పోగయ్యాక వాళ్లతో కలిసి చేయి అడ్డం పెట్టి దాటుతుంది. ఒక్కదాన్నే దాటను, టెన్షన్ అంటుంది. విశాఖపట్నంలో జాతీయ రహదారికి ఆనుకుని ఉన్న ఏ పేటలో అడిగినా ఇలాంటి అమ్మ ఒకరుంటారు.

ఆ భయానికి ఒక లెక్క ఉంది. హైవే ఒక వైపు మూడు వరుసలు, వరుసకు మూడున్నర మీటర్లు, అంటే పదిన్నర మీటర్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషి సెకనుకు 80 సెంటీమీటర్లు నడిస్తే ఆ సగం దాటడానికే 13 సెకన్లు కావాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ 13 సెకన్లలో 200 మీటర్లు దాటి పోతుంది. అంటే అమ్మ అడుగు వేయాలంటే బళ్లు వచ్చే వైపు 200 మీటర్లకు పైగా రోడ్డు ఖాళీగా కనిపించాలి. సాయంత్రం ఆరు గంటలకు అలాంటి ఖాళీ ఎక్కడ దొరుకుతుంది?

విశాఖ ట్రాఫిక్ గురించి మాట్లాడే ప్రతిసారీ మనం వాహనాల లెక్కతో మొదలుపెడతాం. ఎన్ని కార్లు పెరిగాయి, ఏ జంక్షన్‌లో ఎంతసేపు ఆగాం, ఫ్లైఓవర్ ఎప్పుడొస్తుంది అని. అవి అవసరమే. కానీ ఈ ఊరి అసలు చిక్కు వేరే ఉంది. ఒకే రోడ్డు మీద మూడు పనులు పెట్టాం. ఒకప్పుడు ఐదో నంబరు, ఇప్పుడు పదహారో నంబరు అయిన ఈ రహదారి కోల్‌కతా, చెన్నైల మధ్య సరుకు మోస్తుంది. పోర్టుకీ, స్టీల్ ప్లాంటుకీ, గాజువాక ఆటోనగర్‌కీ దారి ఇస్తుంది. అదే రోడ్డు మన ఇంటి ముందు వీధి కూడా. పిల్లలు బడికి వెళ్లేదీ, రైతుబజారు నుంచి కూరలు తెచ్చుకునేదీ దాన్ని దాటుకునే.

ఊరి నైసర్గిక స్వరూపమే ఇందుకు కొంత కారణం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సింహాచలం కొండలు, కంబాలకొండ అడవి. మధ్యలో సన్నగా మిగిలిన నేల మీద ఊరు పొడవుగా పెరిగింది. గాజువాక, ఎన్ఏడీ, కంచరపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాక, యెండాడ, మధురవాడ, కొమ్మాది అన్నీ ఒకే దారానికి గుచ్చిన పూసలు. హైదరాబాద్‌లో ఒక రోడ్డు మూసుకుపోతే ఇంకో రోడ్డు వెతుక్కోవచ్చు. ఇక్కడ హనుమంతవాకలో ఆగిపోతే బీచ్ రోడ్డు తప్ప చెప్పుకోదగ్గ దారి లేదు. ఋషికొండ, మధురవాడ వైపు ఐటీ కంపెనీలు, అపార్ట్‌మెంట్లు పెరిగే కొద్దీ ఉదయం అంతా ఉత్తరానికి, సాయంత్రం అంతా దక్షిణానికి ప్రయాణం. రేపు భోగాపురం విమానాశ్రయం రాకపోకలు కూడా ఇదే దారిలో కలుస్తాయి.

ఊరి బయట నుంచి పోవడానికి దారి లేక కాదు. అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా దాదాపు 50 కిలోమీటర్ల ఆరు వరుసల బైపాస్ వేశారు. చెన్నై వైపు నుంచి ఒడిశా వెళ్లే లారీ ఊళ్లోకి రానక్కర్లేదు. ఇది విశాఖకు జరిగిన పెద్ద మేలు. అయితే పోర్టు నుంచి బయల్దేరే లారీ ఆ బైపాస్ అందుకోవాలంటే ముందు ఊళ్లో కొంత దూరం హైవే మీద నడవాల్సిందే. షీలానగర్ నుంచి సబ్బవరానికి కొత్త రోడ్డు తలపెట్టింది ఇందుకే. నన్నడిగితే ఈ ఊళ్లో రోడ్ల మీద పెట్టే ప్రతి రూపాయిలో మొదటిది ఆ రోడ్డుకే పోవాలి. బొగ్గు లారీ, ఉక్కు కాయిల్స్ వేసుకున్న ట్రాలీ, స్కూటీ మీద కూతుర్ని కాలేజీకి తీసుకెళ్లే తండ్రి పక్కపక్కనే నడిచే పరిస్థితిని ముందు తప్పించాలి. ఆ రోడ్డు పూర్తయ్యేలోపు ఉదయం, సాయంత్రం రద్దీ గంటల్లో భారీ వాహనాలను ఆపే నియమాన్ని ఒక్క రోజు కూడా సడలించకూడదు.

ట్రాఫిక్ జామ్, రోడ్డు ప్రమాదం ఒకే జబ్బు కాదు. సాయంత్రం ఏడింటికి మద్దిలపాలెంలో బండి నత్తనడక నడుస్తుంది. అక్కడ విసుగు వస్తుంది గానీ సాధారణంగా ప్రాణం పోదు. అదే రోడ్డు రాత్రి పదకొండింటికి ఖాళీ అవుతుంది. యెండాడ దిగుడులో బండి దానంతట అదే వేగం అందుకుంటుంది, ప్రాణాలు పోయేది అప్పుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో డ్రైవర్ చూసి, బ్రేకు వేసి కారు ఆపేసరికి పొడి రోడ్డు మీదే సుమారు 37 మీటర్లు పోతుంది. 40 కిలోమీటర్ల వేగంలో అది 20 మీటర్లు. వానలో, లోడు లారీకి ఇంకా ఎక్కువ. దేశం మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు సుమారు 2 శాతం. 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 36 శాతం ఆ రహదారుల మీదే పోయారు. అదే ఏడాది చనిపోయినవాళ్లలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు నడిచి వెళ్తున్నవారు. జాతీయ రహదారినే వీధిగా వాడుకునే మనకు ఈ అంకెలు దూరంవి కావు.

అందుకే ఫ్లైఓవర్ ఒక్కటే మందు అనుకోవడం నాకు నచ్చదు. ఎన్ఏడీ దగ్గర వంతెన కట్టాక అక్కడ రోజూ పడే నరకం చాలావరకు తగ్గింది, ఒప్పుకోవాలి. కానీ ఒక జంక్షన్‌ దగ్గర ఆగకుండా వచ్చిన బళ్లన్నీ తర్వాతి జంక్షన్‌లో పోగవుతాయి. నడిచేవాళ్లకైతే సిగ్నల్ వల్ల దొరికే కాసేపటి ఖాళీ కూడా పోతుంది.

డివైడర్ల సంగతి చూడండి. జామ్ తగ్గించాలని మధ్యలో ఉన్న సందులు మూసి, ముందెక్కడో యూటర్న్ ఇస్తారు. కారువాడికి అది రెండు నిమిషాలు. ఎదురుగా ఉన్న పాల దుకాణానికి బైకు మీద వెళ్లేవాడు అంత దూరం చుట్టి రావాలి. చుట్టి రాకుండా సర్వీస్ రోడ్డులో రాంగ్ రూట్‌లో వస్తాడు. వాడిది తప్పే, చలానా రాయాల్సిందే. కానీ రోజూ వందలమంది ఒకే చోట ఒకే తప్పు చేస్తున్నారంటే అక్కడ రోడ్డు గీసిన తీరులో లోపం ఉందని ఇంజినీర్లు గుర్తించాలి. మూసిన సందు దగ్గర డివైడర్ ఎక్కి దూకే ఆడవాళ్లను చూస్తే నాకు కోపం రాదు, బాధ వేస్తుంది.

మరి ఫుట్ ఓవర్ బ్రిడ్జి? కింద లారీలు పోవాలంటే ఆరు మీటర్ల ఎత్తు ఎక్కాలి. అది 40 మెట్లు, మళ్లీ దిగడానికి 40. లిఫ్టు లేని వంతెన మా అమ్మకు లేనట్టే. కావాల్సింది నేల మీదే దాటే చోటు. బస్టాపు ఉన్న ప్రతి చోటా బటన్ నొక్కితే ఎర్రలైటు పడే సిగ్నల్, మధ్యలో ఆగి నిలబడటానికి వెడల్పాటి డివైడర్, అక్కడికి రాకముందే బళ్ల వేగం తగ్గించే ఏర్పాటు, రాత్రి మంచి లైటు. దీనివల్ల బళ్లు కొన్ని సెకన్లు ఎక్కువ ఆగుతాయి. ఆ ఆలస్యాన్ని మనం ఒప్పుకోవాలి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సెక్కే వాళ్లు పెరిగారు, మంచిదే. అయితే పోను రాను బస్సులో వెళ్లే మనిషి ఏదో ఒక పూట హైవే దాటాల్సిందే. ఒక వైపు దిగితే ఇల్లు అవతల, ఇంకో వైపు దిగితే ఆఫీసు అవతల. బస్సు ఉచితంగా ఇచ్చి, దిగాక దాటే దారి ఇవ్వకపోతే పని సగమే అయినట్టు. బస్సులకే ప్రత్యేక వరుసలు కేటాయించే బీఆర్‌టీఎస్ అనుభవం మన కళ్ల ముందే ఉంది. పెందుర్తి దారిలో రోడ్డు మధ్యన బస్సులకు వరుసలు వేశాం. సింహాచలం దారి పనులు ఏళ్ల తరబడి సాగాయి. మధ్య వరుసలోని బస్సు దాకా మనిషి ఎలా చేరతాడన్నది మొదటే ఆలోచించి ఉంటే ఆ దారులు ఇంకా బాగా పనికొచ్చేవి.

పోలీసులు చేయగలిగింది వాళ్లు చేస్తున్నారు. 2024 సెప్టెంబరు నుంచి వెనక కూర్చున్నవాళ్లకు కూడా హెల్మెట్ తప్పనిసరి అని గట్టిగా పట్టుకున్నారు. కానీ హెల్మెట్ బండి మీద ఉన్నవాడి తలనే కాపాడుతుంది. రోడ్డు సరిగా వేయనివాళ్లను అడిగే హక్కు కూడా చట్టంలో ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణల్లో ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, వైకల్యం పాలైనా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. 2025 మేలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే ఆర్టికల్ 21 కిందికి వస్తుందని చెప్పింది. ప్రమాదం జరిగిన ప్రతిసారీ డ్రైవర్ మీద కేసు రాయడంతో పాటు, ఆ చోట రోడ్డు ఎలా ఉందో కూడా ఎఫ్ఐఆర్ పక్కన ఒక కాగితం మీదికి ఎక్కాలి. లేకపోతే ఈ సెక్షన్ పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు మెట్రో మాట నడుస్తోంది. మొదటి దశలో మూడు కారిడార్లు, 46.23 కిలోమీటర్లు అనుకున్నారు. అందులో కొంత దూరం హైవే మీద కింద ఫ్లైఓవర్, పైన మెట్రో ఉండేలా రెండంతస్తుల వంతెన కట్టాలన్న ఆలోచన ఉంది. వస్తే సంతోషమే. కానీ స్తంభం ఒకసారి లేచాక దాని కింద క్రాసింగ్‌కు చోటు వెతకడం చాలా కష్టం. అందుకే డ్రాయింగులు ఖరారు కాకముందే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ), హైవే అధికారులు, ట్రాఫిక్ పోలీసులు కలిసి గాజువాక నుంచి కొమ్మాది దాకా ఒకసారి కాలినడకన వెళ్లాలి. ప్రతి బస్టాపు దగ్గరా ఆగి, మనుషులు నిజంగా ఎక్కడ దాటుతున్నారో చూసి ఆ చోట్లను నక్షాలో గుర్తుపెట్టాలి. స్తంభాల మధ్య దూరం అప్పుడు నిర్ణయించాలి.