ఆ ఏడు పాయింట్ల మెసేజ్ మళ్లీ వచ్చింది

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి మా పదో తరగతి బ్యాచ్ గ్రూప్‌లో వచ్చింది. ఎనిమిదింటికి అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో. భోజనాల వేళకి మా బావ విడిగా పంపి, "నువ్వు హిస్టరీ చెప్తావు కదా, ఇది చదివావా?" అని అడిగాడు. చదివాను బావా. పోయినేడూ చదివాను. "స్కూల్లో మనకు చెప్పని క్రూసేడ్ల చరిత్ర" అని పైన శీర్షిక, కింద దండాల బొమ్మలు, మధ్యలో ఏడు పాయింట్లు. క్రూసేడ్లంటే జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు ముస్లింల మీదికి దండెత్తి వెళ్లిన యుద్ధాలు.

తమాషా ఏమిటంటే, ఇది రెండు రకాలుగా తిరుగుతోంది. బ్యాచ్ గ్రూప్‌లో వచ్చినదాంట్లో ముస్లింలు దుర్మార్గులు. నా పాత స్టూడెంట్ ఒకడు పంపినదాంట్లో క్రైస్తవులు దుర్మార్గులు. తారీఖులు అవే, అచ్చుతప్పులు కూడా అవే. మూడో పాయింట్, ఆరో పాయింట్ మాత్రం తలకిందులు చేశారు. చివరి వాక్యం మళ్లీ రెండింట్లోనూ ఒకటే: "ఈ రెండు మతాలవాళ్లు ఒక ఊళ్లో కలిసి బతకలేరని 200 ఏళ్ల చరిత్ర రుజువు చేసింది."

గ్రూప్స్ కోచింగ్‌లో పన్నెండేళ్లుగా చరిత్ర చెప్పి పొట్టపోసుకుంటున్నవాణ్ని. ఎంతసేపని నోరు మూసుకుంటాను? వరసగా వెళ్లను. చిల్లరవి ముందు తేల్చేస్తాను.

నాలుగో పాయింట్: ఇంగ్లాండు రాజు రిచర్డ్, ముస్లింల సుల్తాన్ సలాఉద్దీన్ ఎదురెదురుగా నిలబడి కత్తులు దూశారు. దూయలేదు. అసలు వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మాటలన్నీ ఎక్కువగా సలాఉద్దీన్ తమ్ముడు అల్ ఆదిల్ ద్వారానే నడిచాయి. ఒక దశలో రిచర్డ్ తన చెల్లెలు జోన్‌ని ఆ అల్ ఆదిల్‌కే ఇస్తానని సంబంధం కూడా కదిపాడు. కుదరలేదు, అది వేరే సంగతి. జ్వరంలో పళ్లూ, మంచూ కావాలని కబురు పెడితే సలాఉద్దీన్ పంపించాడు. 1192 సెప్టెంబరులో సంధి చేసుకుని ఇంటిదారి పట్టిన రిచర్డ్‌ని మధ్యలో పట్టుకుని ఖైదులో పెట్టింది ఎవరనుకున్నారు? ఆస్ట్రియా డ్యూక్ లియోపోల్డ్. ఆయనా అదే క్రూసేడ్‌కి వెళ్లొచ్చినవాడే. విడిచిపెట్టడానికి అడిగింది 1,50,000 మార్కుల వెండి.

ఐదో పాయింట్: 1212లో 30,000 మంది పిల్లలు యుద్ధానికి వెళ్లి బానిసలుగా అమ్ముడుపోయారు. ఆ ఏడు ఫ్రాన్స్‌లో, జర్మనీలో జనం గుంపులుగా కదిలిన మాట నిజం. అప్పటి లాటిన్ రాతల్లో వాళ్లని "ప్వెరి" అన్నారు. ఆ మాటకి పిల్లలనే కాదు, ఇల్లూ పొలమూ లేని కూలిజనమనే అర్థమూ ఉందని చరిత్రకారులు అంటారు. మనం పనిలో ఉన్న నలభై ఏళ్లవాణ్ని "కుర్రాడు" అంటామే, అలాగ. వాళ్లెవరూ జెరూసలేం చేరలేదు. అమ్మేశారన్న కథ దశాబ్దాల తర్వాత రాసినవాళ్లది. తర్వాతి పాయింట్.

రెండోది అలా తోసెయ్యలేను. "1099 జులై 15న జెరూసలేంలో 70,000 మందిని చంపారు, గుర్రాల కళ్లేల దాకా రక్తం పారింది." ఊచకోత జరిగింది. ముస్లింలతో పాటు యూదులనూ చంపారు. చేసినవాళ్లే గొప్పగా రాసుకున్నారు. అయితే 70,000 అనే అంకె ముస్లిం చరిత్రకారుడు ఇబ్నుల్ అసీర్‌ది. ఆయన రాసింది నూరేళ్ల పైచిలుకు తర్వాత. ఆ సంఘటనకి కొద్ది ఏళ్ల ముందు ఆ ఊళ్లోనే చదువుకున్న అందలూసియా (ముస్లింలు ఏలిన స్పెయిన్) పండితుడు ఇబ్నుల్ అరబీ 3,000 అన్నాడు. అంకె తగ్గితే నేరం తగ్గుతుందని కాదు నేను అనేది. అంకె పెంచితే మన ఆవేశం ఎందుకు పెరుగుతోందో చూసుకోమంటున్నాను. ఇక కళ్లేల సంగతి. ఒకసారి క్లాసులో ఈ వాక్యం చదివితే, వెనక బెంచీలో ఉన్న పాస్టరు గారి అబ్బాయి లేచి, "సార్, అది ప్రకటన గ్రంథం పద్నాలుగో అధ్యాయం" అన్నాడు. ఫోన్‌లో తెలుగు బైబిల్ తెరిచి చూపించాడు. "గుఱ్ఱముల కళ్లెము మట్టుకు" అనే ఉంది. జెరూసలేం పట్టుకున్న సైన్యంతో ఉన్న రేమండ్ అనే పాదిరీ, లేఖనం నెరవేరిందని చెప్పడానికి ఆ మాట వాడాడు. రక్తాన్ని స్కేలు పెట్టి కొలిచి రాయలేదు.

మూడో పాయింట్ ఒక మెసేజ్‌లో "1187లో సలాఉద్దీన్ జెరూసలేంలో అందరినీ నరికించాడు", ఇంకోదాంట్లో "ఒక్క రూపాయి తీసుకోకుండా అందరినీ వదిలేశాడు". రెండూ తప్పే. ఊరు అప్పగించే బేరం దాన్ని కాపాడుతున్న క్రైస్తవ ప్రభువు బాలియన్ చేశాడు. మగవాడికి 10 దీనార్లు, ఆడమనిషికి 5, పిల్లలకి ఇంకా తక్కువ. కట్టినవాళ్లు వెళ్లారు. బీదవాళ్లు ఓ ఏడువేల మందికి కలిపి 30,000 దీనార్లు కట్టారు. సలాఉద్దీన్, ఆయన తమ్ముడు కొందరిని ఊరికే వదిలిపెట్టించారు. అయినా కట్టలేనివాళ్లు సుమారు 15,000 మంది బానిసలయ్యారు. 1099తో పోలిస్తే ఇది దయే, కాదనను. కానీ దానికి మూడు నెలల ముందు హత్తీన్‌లో దొరికిన టెంప్లార్, హాస్పిటలర్ (యుద్ధాలు చేసే క్రైస్తవ సన్యాసుల దండులు) ఖైదీలను వరసగా చంపించింది కూడా ఈయనే. 1191లో ఏకర్ రేవుపట్నం బయట సుమారు 2,700 మంది ముస్లిం ఖైదీలను చంపించింది మన "సింహహృదయ" రిచర్డే. హీరోలు కావలసినవాళ్లు సినిమాకి వెళ్లండి.

ఇప్పుడు మొదటి పాయింట్. "1095లో పోప్ పిలవగానే యూరప్ అంతా ఒక్కటైంది. అవతల ముస్లింలంతా ఒక్కటయ్యారు." ఒక్కటవ్వడమా!

పోప్ పిలుపు విని బయల్దేరిన గుంపుల్లో కొన్ని మొదట చంపింది ముస్లింలను కాదు. 1096లో రైన్ నది ఒడ్డున వార్మ్స్, మైన్జ్ ఊళ్లలోని యూదులను. వాళ్ల ఇరుగుపొరుగునే ఉన్నవాళ్లను. రెండు మెసేజ్‌ల్లోనూ వాళ్ల ఊసు లేదు. ఎవరి విలన్ లెక్కలోకీ వాళ్లు పనికిరాలేదు మరి.

అవతలి పక్క చూద్దాం. క్రూసేడర్లు వచ్చేసరికి జెరూసలేం ఎవరి చేతిలో ఉంది? ఈజిప్టు ఫాతిమీల చేతిలో. అంతకు ఏడాది ముందే, 1098లో, వాళ్లు దాన్ని తురుష్కుల దగ్గర్నుంచి లాక్కున్నారు. ఫాతిమీలు షియా, తురుష్కులు సున్నీ. అదే ఏడాది అంతియొకయ దగ్గర దిగిన క్రూసేడర్ల దగ్గరికి ఫాతిమీల దూతలు వచ్చి, తురుష్కుల మీద కలిసి పనిచేద్దామా అని మంతనాలు జరిపారు. ఇదీ ఆ ఐక్యత.

1108లో తల్ బాషిర్ దగ్గర జరిగిన యుద్ధం నా క్లాసులో అందరికీ ఇష్టం. ఒక పక్క అంతియొకయ పాలించే క్రైస్తవుడు టాంక్రెడ్, ఆయనకి తోడు అలెప్పో ముస్లిం ప్రభువు రిద్వాన్. ఎదురుగా ఎడెస్సా పాలించే క్రైస్తవుడు బాల్డ్విన్, ఆయనకి తోడు మోసుల్ నుంచి వచ్చిన తురుష్క అమీర్ జావలి. గొడవ దేవుడి గురించి కాదు, ఎడెస్సా కోట తాళాల గురించి. బాల్డ్విన్ ఖైదులో ఉన్న నాలుగేళ్లూ కోటని చూసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వనన్నారు. మన ఊళ్లలో పొలం కౌలుకిచ్చి దుబాయ్ వెళ్లొచ్చినవాళ్లకి ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు.

1140లో దమస్కు ముస్లింలు, జెరూసలేం క్రైస్తవులు కలిసి అలెప్పో, మోసుల్ ఏలే ముస్లిం ప్రభువు జెంగీకి ఎదురు నిలిచి బనియాస్ పట్టుకున్నారు. ఎనిమిదేళ్లకి యూరప్ నుంచి ఇద్దరు రాజులు దిగారు. దిగి, జెరూసలేం వాళ్లతో కలిసి ఎవరి మీద పడ్డారు? ఆ దమస్కు మీదే. నాలుగైదు రోజుల్లో వెనక్కి తిరిగారు. 1204లో అయితే నాలుగో క్రూసేడ్ వెనిస్ అప్పు తీర్చలేక, దారి తప్పి, క్రైస్తవుల కాన్‌స్టాంటినోపుల్‌నే దోచేసింది. అక్కణ్నుంచి ఎత్తుకెళ్లిన కంచు గుర్రాలు వెనిస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. యాత్రలకి వెళ్లి వాటి ముందు సెల్ఫీ దిగిన మన బ్యాచ్‌వాళ్లు ఇద్దరున్నారు, పేర్లు చెప్పను.

ఇక అసలు కడుపుమంట. ఏడో పాయింట్.

"కలిసి బతకలేదు, బతకలేరు." ఈ వాక్యం కోసమే మిగతా ఆరూ రాశారని నా అనుమానం. మెసేజ్ పంపేవాళ్లకి పన్నెండో శతాబ్దం సిరియాతో పనేమీ లేదు. వాళ్ల కన్ను మన వీధి మీద ఉంది. సరే, అక్కడ బతికినవాళ్లు ఏం రాశారో చూద్దాం.

ఇబ్న్ జుబైర్ అందలూసియా ముస్లిం. హజ్ చేసుకుని తిరిగి వెళ్తూ 1184 సెప్టెంబరులో దమస్కు నుంచి ఏకర్‌కి వ్యాపారుల బిడారుతో బయల్దేరాడు. అదే సమయంలో సలాఉద్దీన్ క్రైస్తవుల కెరక్ కోటని ముట్టడించి కూర్చున్నాడు. అంటే అవతల యుద్ధం, ఇవతల సరుకు. ముస్లిం వ్యాపారులు క్రైస్తవుల నేల మీదుగా, క్రైస్తవ వ్యాపారులు ముస్లింల నేల మీదుగా ఎవరి సుంకం వాళ్లు కట్టుకుంటూ పోతున్నారని ఆయనే ఆశ్చర్యపోతూ రాశాడు. ఏకర్ సుంకం కచేరీలో గుమాస్తాలు క్రైస్తవులు. పరుపులు వేసిన అరుగుల మీద, బంగారు నగిషీ ఉన్న నల్లచేవ కలందానులు పెట్టుకుని కూర్చున్నారు. లెక్కలు రాసేది అరబ్బీలో, మాట్లాడేది అరబ్బీలో. మూటలు విప్పి చూసి మర్యాదగా పంపించారట. (ఈ రోజుల్లో ఏ ఎయిర్‌పోర్టులోనైనా అంత జరుగుతుందేమో చెప్పండి.) తర్వాత ఆయన బస చేసింది సముద్రం వైపున్న ఒక క్రైస్తవురాలి ఇంట్లో.

ఊరికి తూర్పున ఒక ఊట ఉంది. దాని దగ్గర మసీదులో మిహ్రాబ్ (నమాజు దిక్కు చూపే గూడు) అలాగే ఉంచి, దానికి తూర్పున ఫ్రాంకులు, అంటే యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవులు, తమ ప్రార్థనా స్థలం కట్టుకున్నారు. ఇద్దరూ అక్కడికే వచ్చి ఎవరి దిక్కుకి వాళ్లు తిరిగి మొక్కుకుంటున్నారని రాశాడు.

ఇబ్న్ జుబైర్ ఉదారవాది అనుకునేరు. కాదు. ఏకర్‌ని దేవుడు నాశనం చెయ్యాలని శపించాడు. సంకెళ్లతో పనిచేస్తున్న ముస్లిం ఖైదీలను, కాళ్లకి ఇనుప కడియాలున్న ఆడవాళ్లను చూసి గుండె చెరువైందన్నాడు. అలాంటి మనిషే, ఫ్రాంకుల కింద ఉన్న ముస్లిం రైతులు పంటలో సగం, తలకి ఒక దీనారూ కొంత చిల్లరా కట్టి, ఇళ్లూ వాకిళ్లూ తమవిగా ఉంచుకుని బతుకుతున్నారని, తమ ముస్లిం దొరల కింద ఉన్నవాళ్లకి ఆ సుఖం లేదని వాపోతూ రాశాడు. శత్రువుకి అనుకూలంగా ఇచ్చిన సాక్ష్యం కదా, దానికి విలువ ఎక్కువ.

ఉసామా ఇబ్న్ మున్‌ఖిజ్ చెప్పిన సంగతి ఇంకా బాగుంటుంది. ఈయన షైజర్ కోటకి చెందిన అమీర్, ఫ్రాంకులతో చిన్నప్పట్నుంచీ యుద్ధాలు చేసినవాడు. జెరూసలేం వెళ్లినప్పుడు అల్ అక్సా పక్కన చిన్న గదిలో నమాజు చేసుకునేవాడు. ఆ చోటు టెంప్లార్ల అధీనంలో ఉంది, వాళ్లు ఈయన స్నేహితులు. గది ఖాళీ చేసి ఇచ్చేవాళ్లు. ఒకరోజు నమాజులో ఉండగా ఒక ఫ్రాంకు పరిగెత్తుకొచ్చి, ఈయన ముఖం పట్టుకుని తూర్పుకి తిప్పి, "ఇలా చెయ్యి" అన్నాడు. టెంప్లార్లు వాణ్ని బయటికి లాక్కెళ్లారు. వాళ్లు ఏమరగానే వాడు మళ్లీ వచ్చి మళ్లీ తిప్పాడు. మళ్లీ ఈడ్చుకెళ్లి, ఉసామాకి క్షమాపణ చెప్పుకున్నారు: ఈ మధ్యే మా దేశం నుంచి దిగాడు, తూర్పుకి కాక ఇంకో దిక్కుకి మొక్కేవాళ్లని ఎప్పుడూ చూసి ఎరగడు.

ఇంతమాత్రాన వాళ్లు అన్నదమ్ముల్లా ఉన్నారని నేను అనట్లేదు. చంపుకున్నారు, అమ్ముకున్నారు, బూతులు తిట్టుకున్నారు. వాటి మధ్యలోనే సరుకు దించుకున్నారు, ఇల్లు అద్దెకిచ్చారు, గది ఖాళీ చేసిచ్చారు. "బతకలేరు" అని అక్కడున్నవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్ల గ్రూప్‌లో అడ్మిన్ లేడేమో. అన్నట్టు ఆ ఫ్రాంకుల్ని అరబ్బులు "ఇఫ్రంజ్" అనేవాళ్లు. పారసీలో అది ఫరంగీ అయి, చివరికి మన దగ్గర తెల్లవాడు తెచ్చిన తుపాకీగొట్టానికి ఫిరంగి అని పేరైంది.

మిగిలింది ఆరో పాయింట్. "వెళ్లినవాళ్లు భక్తితోనే వెళ్లారు" అని బ్యాచ్ గ్రూప్ మెసేజ్. "దోపిడీ కోసమే వెళ్లారు" అని రెండోది. నిజం చెప్పాలంటే చాలా ఏళ్లు నేను క్లాసులో చెప్పింది ఈ రెండోదే. వాటాలో భూమి రాని చిన్న కొడుకులు తూర్పున భూములు వెతుక్కుంటూ పోయారని బోర్డు మీద రాయించి, మార్కులు కూడా వేయించాను. అది నిలబడేట్టు లేదు. అప్పట్లో మఠాలతో రాయించుకున్న పత్రాలు చూస్తే వీళ్లు డబ్బు తెచ్చుకోవడం కాదు, ఉన్నది తాకట్టు పెట్టి వెళ్లారు. బతికినవాళ్లలో చాలామంది జెరూసలేం చేతికి రాగానే ఇంటికి తిరిగిపోయారు. 1100లో అక్కడ మిగిలిన గుర్రపు సైనికులు 300కి మించరని, కాలిబంట్లూ అంతేనని ఆ దండుతో వెళ్లిన ఫుల్చర్ రాశాడు. దోచుకోలేదని కాదు, దొరికినచోటల్లా దోచారు. కానీ ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు వాళ్లని కదిలించింది భక్తే. ఇది ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది, అదీ ఆ మెసేజ్ పుణ్యాన.

నార్మండీ డ్యూక్ రాబర్ట్ పెద్దకొడుకు, భూమికి కరువేమీ లేదు. 1096లో ఏకంగా నార్మండీనే తన తమ్ముడు, ఇంగ్లాండు రాజు విలియంకి 10,000 మార్కులకి కుదువ పెట్టి బయల్దేరాడు. జెరూసలేం పట్టుకున్నవాళ్లలో ఉన్నాడు. తిరుగుదారిలో ఉండగానే విలియం వేటలో చనిపోయాడు, మూడు రోజులకల్లా చిన్న తమ్ముడు హెన్రీ కిరీటం పెట్టేసుకున్నాడు. 1106లో ఆ హెన్రీయే రాబర్ట్‌ని యుద్ధంలో ఓడించి బంధించాడు. పవిత్ర నగరాన్ని గెలిచొచ్చిన ఆ పెద్దాయన, తమ్ముడి ఖైదులో 28 ఏళ్లు ఉండి, 1134లో కార్డిఫ్ కోటలోనే పోయాడు.