గుడ్డ మాస్కు కట్టి సుత్తితో కొడితే అది సురక్షిత తొలగింపా?

ఇప్పుడే ఒక వీడియో కంటపడింది. పాత షెడ్డు కప్పెక్కి నలుగురు సిమెంటు రేకుల్ని సుత్తితో బద్దలుకొట్టి కిందికి విసిరేస్తున్నారు. మూతికి గుడ్డ మాస్కు. కింద ఒకతను పొడి చీపురుతో ఊడుస్తున్నాడు. పైన పెట్టిన మాట 'నిపుణులతో సురక్షితంగా ఆస్బెస్టాస్ తొలగింపు'. కామెంట్లలో చప్పట్లు! ఒళ్లు మండిపోతోంది.

రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఆస్బెస్టాస్ పోగులు సిమెంటులో బిగుసుకునే ఉంటాయి. పగలగొట్టినా, రంపం పెట్టినా, డ్రిల్ వేసినా, ప్రెషర్ వాషర్‌తో కడిగినా గాల్లోకి లేస్తాయి. కంటికి కనపడవు, వాసన రాదు, దగ్గు కూడా రాదు. అందుకే 'మాకేం కాలేదుగా' అంటారు. ఆ పోగుల వల్ల ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న పొరకు వచ్చే క్యాన్సర్, మీసోథీలియోమా, బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ కాంట్రాక్టరు ఎక్కడుంటాడు?

రేకు దించడం తెలియని విద్య కాదు. నీళ్లలో కాస్త డిటర్జెంటు కలిపి సన్నటి తుంపరగా చల్లాలి. ఉత్త నీళ్లయితే పైనుంచి జారిపోతాయి, పోగుల్లోకి ఇంకవు. తుప్పు పట్టిన హుక్ బోల్టు తిరగదు, సరిగ్గా అక్కడే ఓపిక చచ్చి సుత్తి అందుకుంటారు. బోల్టు కట్టర్‌తో బోల్టును కోయండి, రేకు జోలికి పోకండి. గ్రైండర్ అసలు వద్దు. రేకు మీద కాలు పెట్టకూడదు, అది మనిషి బరువు ఆపదు, మనిషి సూటిగా కిందపడతాడు. దించిన రేకును ముక్కలు చేయకుండా మందపాటి పాలిథిన్‌లో రెండు పొరలు చుట్టి, టేపు వేసి, హెచ్చరిక అంటించాలి.

ఇక పైపుల మీద వేడి పోకుండా చుట్టిన ఆస్బెస్టాస్ పూత (లాగింగ్), స్ప్రే కోటింగ్ అయితే చేత్తో నలిపితేనే పొడి. వాటికి గదంతా పాలిథిన్‌తో మూసి, అతి సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టరున్న యంత్రంతో లోపలి గాలిని బయటికి లాగుతూ ఉండాలి. యంత్రం శబ్దం చేస్తే చాలదు. గుమ్మం దగ్గరి పాలిథిన్ తెర లోపలికి పీల్చినట్టు వంగి ఉందా చూడండి. నిటారుగా వేలాడుతుంటే ఎక్కడో చిల్లుంది, పని ఆపాల్సిందే. ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్ తెచ్చేవాళ్లకు ఒక్క మాట: అది ముందు నుంచి పీల్చి వెనక నుంచి పోగుల్ని గదంతా చిమ్ముతుంది. మాస్కు కూడా సన్నటి దుమ్మును బాగా ఆపే పీ3 రకం ఫిల్టరుది కావాలి, ముఖానికి సరిపోయిందో లేదో పరీక్షించాలి. రెండు రోజుల గడ్డం ఉన్నా అంచు దగ్గర గాలి దూరుతుంది.

అన్నిటికన్నా కడుపు మండేది బట్టల సంగతి. ఆ దుమ్ము బట్టలతోనే ఇంటికెళ్తారు, పిల్లల్ని ఎత్తుకుంటారు. భర్త పని బట్టలు ఉతికిన ఆడవాళ్లకు మీసోథీలియోమా వచ్చిందని లండన్ వైద్యులు 1965లోనే రాశారు. ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీ గుమ్మమైనా తొక్కని మనుషులు! వాడి పారేసే కవరాల్, బయటికి వచ్చే దారిలో షవర్, మంచి బట్టలకు వేరే గది. ఇంత చిన్న ఏర్పాటుకు డబ్బుల్లేవంటారు.

నిజానికి తప్పు సుత్తి పట్టినవాడితో మొదలవదు. యజమాని ముందు కాంట్రాక్టు రాసేస్తాడు, సగం గోడ కూలాక 'అయ్యో, ఆస్బెస్టాస్ ఉందట' అంటాడు. కూల్చే ముందు సర్వే అంటే టార్చి వేసి చుట్టూ తిరగడం కాదు. ఫాల్స్ సీలింగ్ విప్పాలి, గోడకు కన్నం పెట్టాలి, పాత వినైల్ పలకల్ని, వాటి కింది నల్ల జిగురును, బాయిలర్ తలుపు చుట్టూ ఉన్న తాడును కూడా నమూనా తీయాలి. చూడగానే చెప్పేస్తాననే మేస్త్రీని నమ్మకండి, మైక్రోస్కోపు కింద పెడితేనే తేలుతుంది.

చివర్లో ఇంకో అన్యాయం. తొలగించినవాడే 'గాలి శుభ్రం' అని కాగితం ఇచ్చుకుంటాడు. ఆ పరీక్ష వేరేవాళ్లు చేయాలి, అదీ పాలిథిన్ విప్పకముందే. ముందు మూలమూలా కంటితో చూడాలి, తర్వాత నేల మీది దుమ్మును కదిలించి గాలి నమూనా తీయాలి. మిల్లీలీటరుకు 0.01 పోగు కన్నా తక్కువ వస్తేనే తెర విప్పాలి. నమూనా ఎప్పుడు తీశారో, ఎన్ని లీటర్ల గాలి లాగారో రాయని రిపోర్టును ఒప్పుకోకండి. బిల్లు ఆపేయండి.