సవరణ: శోధ్‌గంగలో జర్నల్ పేపర్లు ఉండవు

తిరుపతిలో పరిశోధన చేసేవాళ్ళ కోసం మొన్న పెట్టిన పోస్టులో "థీసిస్‌లు, జర్నల్ పేపర్లు అన్నీ శోధ్‌గంగలోనే దొరుకుతాయి" అని ఉంది, అందులో జర్నళ్ళ ముక్క కొట్టేయండి. శోధ్‌గంగ అంటే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ) నడిపే వెబ్‌సైటు, అందులో ఉండేవి థీసిస్‌లే, అవి ఇంట్లో కూర్చుని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. చందా కట్టి చదవాల్సిన జర్నళ్ళ దారి వేరు. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 30 ప్రచురణ సంస్థల జర్నళ్ళు, దాదాపు 13 వేలు, ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి, కాబట్టి ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) వాళ్ళు లాగిన్ ఎలాగో ముందు లైబ్రరీలో అడగండి. ప్రైవేటు కాలేజీ పిల్లలకు మాత్రం ఇప్పటికైతే లేదు (అదేం న్యాయమో!).

ఇంకో మాట. అన్నమయ్య మీద వెతికేటప్పుడు తాళ్ళపాకను ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, హెచ్ పెట్టి ఓసారి, తీసేసి ఓసారి కొట్టి చూడండి. థీసిస్ అధ్యాయాలవారీగా విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటుంది కదా, మొదటి అధ్యాయం జోలికి పోకుండా నేరుగా చివర్లో ఉండే ఆధార గ్రంథాల ఫైలు తెరిస్తే సగం పని అక్కడే తేలిపోతుంది. తాళపత్రాలు చూడాలంటే ఇవేవీ కాదు, ఎస్వీయూలోనే ఉన్న ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో అడగాల్సిందే.