ముడుపు కట్టే సీమకు హుండీ నేర్పాలా?

బిడ్డకు జ్వరం తగ్గకపోతే మా సీమలో అమ్మలు చేసే మొదటి పని, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టడం. అమెరికాను పోలియో నుంచి గట్టెక్కించిన ఆలోచన కూడా అలాంటిదే.

1938 జనవరిలో ఎడ్డీ కాంటర్ అనే హాస్యనటుడు రేడియోలో ఒక మాట అడిగాడు: తలా ఒక డైమ్ నేరుగా ప్రెసిడెంటుకే పంపండి. డైమ్ అంటే డాలరులో పదో వంతు. అప్పటి ప్రెసిడెంటు రూజ్వెల్ట్ స్వయంగా పోలియో బాధితుడు. వైట్‌హౌస్‌కు ఉత్తరాలు బస్తాలకు బస్తాలు వచ్చి పడ్డాయి. లెక్క తేలేసరికి 26,80,000 డైములు! అలా పోగైన చందాల అండతోనే జోనస్ సాల్క్ అనే శాస్త్రవేత్త పరిశోధన సాగి, 1955లో టీకా వచ్చింది.

కాంటర్ తెలివంతా అడిగిన మొత్తంలోనే ఉంది. లక్ష అడిగితే లక్షాధికారి ఒక్కడే పలుకుతాడు, ఆసుపత్రి గోడకు ఆయన పేరుతో శిలాఫలకం పడుతుంది. పది పైసలు అడిగితే కూలికి పోయే మనిషి కూడా దాత అవుతాడు. ఇచ్చింది ఎంతైనా, ఆ ఆసుపత్రి ఇక అతనిది. నన్నడిగితే ఆ సొంతమనుకోవడం డబ్బు కంటే విలువైనది.

ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) ఉండగా చందాలెందుకని కొందరంటారు. ఆపరేషన్ ఖర్చు సర్కారు భరిస్తుంది, నిజమే. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి తోడొచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి, బస్సు చార్జీలు, రెండు పూటల కూడు ఎవరి ఖాతాలో రాయాలి?

అనంతపురం చూడండి. స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో వచ్చి పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి కట్టింది. అందులో ఎక్కువ సొమ్ము స్పెయిన్‌లో మామూలు కుటుంబాలు నెలనెలా పంపిందే. విదేశీ విరాళాల అనుమతి చిక్కుల్లో పడి 2025లో జనం రోడ్డెక్కినప్పుడు నాకు గుండె కలుక్కుమంది. మన బిడ్డల వైద్యం ఢిల్లీలో ఒక సంతకం మీద ఆగింది. నీళ్లకు పైవాళ్ల దయ, కొలువుకు బెంగళూరు, జబ్బుకు వేలూరు. ఎన్నాళ్లిలా?

ఆర్డీటీ ఇక్కడి ఇళ్లకూ హుండీలు ఇచ్చింది. ఆ హుండీ కడపకు, కర్నూలుకు కూడా రావాలి. అది దేవుడి గూట్లో, ముడుపు పక్కనే ఉండాలి. ఏడాదికోసారి ఊరి రచ్చబండ మీద అందరి ముందు పగలగొట్టి లెక్కపెట్టాలి. చిల్లర పోగయ్యే చోటే, ఆ ఊళ్లో ఈసారి ఎవరు ఆసుపత్రికి పోవాలో కూడా తేలుతుంది.